గుండీల పట్టీ

పొద్దున్నే షాపు తలుపు తీయగానే కోడలు చేసే మొదటి పని పది సూదుల్లో దారం ఎక్కించి దిండుకి గుచ్చడం. నాలుగింటికి నల్లదారం, నాలుగింటికి ఖాకీ, రెండింటికి తెలుపు. ఎదురుగా బస్సు డిపో. అక్కడి యూనిఫారాలన్నీ ఈ షాపులోనే కుట్టించుకుంటారు. మామగారు వచ్చి తన స్టూలు మీద కూర్చునేసరికి సూదులు సిద్ధంగా ఉండాలి. దారం ఎవరు ఎక్కించారని ఆయన అడగడు. ఎక్కించానని ఆమె చెప్పదు. ఏడేళ్లుగా అలా జరిగిపోతోంది.

ఏడేళ్ల కిందట ఓ రోజు ఆయన సూదీ దారం పట్టుకుని కిటికీ దగ్గర పావుగంట నిలబడ్డాడు. దారాన్ని నోట్లో తడిపాడు, వేళ్లతో మెలితిప్పాడు, సూదిని వెలుగుకి ఎత్తి చూశాడు. ఎక్కలేదు. "ఈమధ్య సూదులకి బెజ్జాలు పెట్టడం మానేసినట్టున్నారు వెధవలు" అన్నాడు. కోడలు నవ్వాపుకుంది. అదే వారం ఆయన నల్ల ప్యాంటుకి నీలం దారంతో అంచు కుట్టాడు. అప్పుడు మాత్రం ఆమెకి నవ్వు రాలేదు.

"కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్దాం మావయ్యా" అంది.

"దేనికి? కళ్లజోడు పెట్టుకున్న దర్జీకి ఎవడైనా కొలతలిస్తాడా? వీడికి నా నడుమెక్కడ కనిపిస్తుందని వెనక్కి తిరిగి చూడకుండా పోతాడు."

ఆ మాట అక్కడితో ఆగిపోయింది. మర్నాటి నుంచి ఆమె సూదుల్లో దారం ఎక్కించడం మొదలుపెట్టింది.

ఆయనకి కుట్టు తర్వాత ప్రాణం చిలకలు. డిపో వెనక పాత చెట్ల మీదికి సాయంత్రం అయ్యేసరికి చిలకలు చేరేవి. మెడ చుట్టూ రాగిరంగు గీత ఉంటుంది కాబట్టి రాగిమెడ చిలకలంటారు. ఒకప్పుడు అవి వాలే వేళకి డ్రైవర్లు ఒకళ్లకొకళ్లు అరిచి చెప్పుకోవాల్సి వచ్చేది, అంత గోల. పక్షుల ఆఫీసు వాళ్లు దేశమంతటా ఒకే రోజు, ఒకే వేళకి ఈ చిలకల్ని లెక్కపెట్టిస్తారు. డిపో లెక్క మామగారిది. ఇరవై ఏడేళ్లుగా ఏడాదికో సాయంత్రం ఆయన డిపో షెడ్డు మేడ మీద కూర్చుని లెక్కపెడుతున్నాడు.

ఆ లెక్కకి ఆయన పద్ధతి ఆయనకుంది. కాగితం మీద రాయడానికి తల వంచితే ఆ క్షణంలో పది పిట్టలు దాటిపోతాయి. అందుకని ఎడమ జేబులో చొక్కా గుండీలు పోసుకుని వెళ్తాడు. పది చిలకలు దాటగానే ఓ గుండీ కుడి జేబులోకి మారుతుంది. చూపు మాత్రం ఆకాశం మీంచి దిగదు. ఇంటికొచ్చి కుడి జేబు పళ్లెంలో గుమ్మరిస్తే, పది చొక్కా గుండీలు తీసి వాటి బదులు ఒక కోటు గుండీ పెడతారు. కోటు గుండీ వంద, చొక్కా గుండీ పది.

అత్తగారికి అంకెలు రావు. ఆవిడ ఏంచేసిందంటే, మొదటి ఏడాది ఆ గుండీలన్నిటినీ ఓ పొడవాటి ఖాకీ పట్టీ మీద వరసగా కుట్టేసింది. రెండో ఏడాదివి దాని కింద. అలా పంతొమ్మిది వరసలు కుట్టి, ఎనిమిదేళ్ల కిందట పోయింది. తర్వాతి వరసలు కోడలివి. మామగారు అప్పుడప్పుడు బీరువాలోంచి ఆ పట్టీ తీసి ఒళ్లో పరుచుకుని వేళ్లతో తడుముతుంటాడు. ఆయనకి అది చదువుకునే పుస్తకం.

ఆఫీసుకి పంపే ఫారం సంగతి వేరు. అందులో అక్షరాలు చీమల్లా ఉంటాయి. కోడలే నింపుతుంది. ఎక్కడ వేలు పెడితే అక్కడ ఆయన సంతకం చేస్తాడు.

తప్పు జరిగింది ఆ ఫారంలోనే. నీలం దారం సంగతి జరిగిన మరుసటి ఏడు ఆయన మేడ దిగి వచ్చి పళ్లెంలో గుండీలు గుమ్మరించాడు. మార్చి పెడితే తొమ్మిది కోటు గుండీలు, నాలుగు చొక్కా గుండీలు. తొమ్మిది వందల నలభై. అంతకుముందు ఏడు పదమూడు వందల అరవై.

"చిలకలు తగ్గాయి అమ్మాయ్" అన్నాడు.

తగ్గింది చిలకలు కాదు, మీ చూపు అనుకుంది ఆమె. పైకి అనలేదు. ఆ ఏడే ఆఫీసు నుంచి కాగితం కూడా వచ్చింది, డెబ్భై దాటినవాళ్లు లెక్క సరిగా చేయలేకపోతే వేరేవాళ్లకి అప్పగిస్తామని. అత్తగారు పోయాక ఆ మనిషి మొహంలో వెలుగు కనిపించేది ఆ ఒక్క సాయంత్రమే. అదీ లాగేసుకుంటే ఏమైపోతాడు? పొట్ట పెరిగిన కండక్టరు వస్తే ప్యాంటు లోపలి మడత విప్పి కాస్త వదులు చేస్తారు, ఎవరికీ తెలియదు, ఆయన పరువూ నిలుస్తుంది. ఆమె చేసింది కూడా అంతే అనుకుంది. ఫారంలో పదమూడు వందల పది అని రాసింది. పట్టీ మీద మాత్రం తొమ్మిదీ నాలుగూ కుట్టింది, ఆయన వేళ్లకి అబద్ధం చెప్పలేదు కనుక.

"రాశావుగా?"

"రాశాను మావయ్యా."

"ఇంత తగ్గిందంటే వాళ్లు ఊరుకోరు. చూడ్డానికి వస్తారు."

ఎవరూ రాలేదు. మరుసటి ఏటికి లెక్క ఏడు వందల ఇరవైకి దిగింది. ఆ తర్వాత ఐదు వందల పది, మూడు వందల తొంభై, రెండు వందల అరవై, పోయినేడు నూట ఎనభై. ఆయన చూపు ఎంత పోతే ఆమె అంత కలుపుకుంటూ పోయింది. మరీ ఒకేలా ఉంటే బాగుండదని ఏటా పదో ఇరవయ్యో తగ్గించేది కూడా. పోయినేటి ఫారంలో అంకె పన్నెండు వందల నలభై. ప్రతిసారీ ఆయన "రాశావుగా?" అని అడిగాడు. ప్రతిసారీ "రాశాను" అంది. వాళ్లొస్తారని ఆయన నెలల తరబడి డిపో గేటు వైపు చూసేవాడు. నాలుగో ఏడు నుంచి చూడ్డం మానేశాడు. "వాళ్లకి పట్టదులే. కాగితాలు కట్టగట్టి అటక మీద పడేస్తుంటారు" అనేవాడు.

ఈ ఏడు లెక్కకి వారం ముందు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. కోడలు చదివింది. 'దేశంలో మిగతా అన్ని చోట్లా రాగిమెడ చిలకలు పడిపోయాయి. మీ చోట మాత్రం నిలకడగా ఉన్నాయి. కారణం తెలుసుకోవడానికి మా మనిషి వచ్చి మీతో కలిసి లెక్కపెడుతుంది.' ఆమె మామగారికి అందులో సగమే చదివి వినిపించింది.

"మనిషిని పంపుతున్నారట మావయ్యా."

ఆయన కత్తెర బల్ల మీద పెట్టేశాడు. "చూశావా? ఆరేళ్లు మొత్తుకుంటే ఇప్పటికి కదిలారు. పోనీలే, కదిలారు."

కోడలి ఆలోచన వేరు. పక్కన మనిషి కూర్చుంటే ఈయనకి చూపు ఆనడం లేదని తేలిపోతుంది. ఎలాగైనా ఈలోగా కళ్లజోడు పెట్టించాలి. ఈసారి ఆయన పెద్దగా బెట్టు చేయలేదు. ఆఫీసు మనిషి వస్తున్న ఉత్సాహంలో చొక్కా మార్చుకుని బయల్దేరాడు.

కళ్ల డాక్టరు ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగోడ మీద అక్షరాల పలక చదవమన్నాడు. ఆయన పైవరస నుంచి కింది వరస దాకా గడగడా చదివేశాడు. రెండో కన్ను మూసి మళ్లీ చదివాడు.

"కింద అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా ఉంది. చదవనా?"

డాక్టరు వెనక్కి తిరిగి పలక వైపు చూశాడు. ఆయనకే కనిపించినట్టు లేదు.

"ఎదురుమేడ మీద ఆరేసిన చొక్కాకి మూడో గుండీ ఊడింది. వాళ్లెవరో తెలిస్తే మా షాపుకి పంపండి" అన్నాడు మామగారు.

డాక్టరు పకపకా నవ్వాడు. "పెద్దాయనా, మీ దూరపు చూపు ఇరవై ఏళ్ల వాడిది. పోయింది దగ్గర చూపే. చదవడానికి, కుట్టడానికి అద్దాలిస్తాను, చాలు. ఎన్నాళ్లయింది ఇలా?"

"ఏడేళ్లు" అంది కోడలు. "డాక్టరుగారూ, అంటే... దూరంగా ఎగిరే పిట్టలు... అవి కూడా..."

"నిక్షేపంగా కనిపిస్తాయమ్మా. ఈయనకి నా కంటే బాగా కనిపిస్తాయి."

జోడు తయారవడానికి ఎనిమిది రోజులు పడుతుందన్నారు. దారంతా మామగారు కబుర్లు చెబుతూనే ఉన్నాడు. ఆమె చెవికి ఒక్కటీ ఎక్కలేదు. తొమ్మిది వందల నలభై నిజం. ఏడు వందల ఇరవై నిజం. నూట ఎనభై కూడా నిజమే. చిలకలు నిజంగానే పోయాయి. పోతున్నాయని ఆయన ఆరేళ్లు చెప్పాడు. ఆ మాటని ఆఫీసు దాకా పోనివ్వకుండా మధ్యలో పట్టుకుని ఆపింది తను.

ఆ సాయంత్రం మొగుడికి చెప్పింది. అతను ఆ డిపోలోనే బస్సు డ్రైవరు. అన్నం తింటూ విన్నాడు. విని చెయ్యి ఆపాడు.

"ఎంత పని చేశావే" అన్నాడు. మళ్లీ అన్నం కలుపుతూ, "ఇప్పుడు నోరెత్తకు. నాన్నకి వయసైంది, చూపు ఆనక తప్పు లెక్కలు వేశాడని వాళ్లే అనుకుంటారు. ఎవరూ ఏమీ అనరు. దాంతో పోతుంది."

"ఆయన లెక్క తప్పని అనుకోనివ్వమంటావా?"

"మరి నువ్వు దొంగలెక్క రాశావని చెప్పుకుంటావా?"

నాలుగు రోజులు అదే మాట లోపల తిరిగింది. నిజం చెప్పాలంటే, మొగుడి మాట నచ్చలేదని ఆమె గట్టిగా అనుకోలేకపోయింది. సూదుల్లో దారం ఎక్కిస్తున్నప్పుడు అది సులువైన దారిలాగే కనిపించేది.

లెక్క రోజు వచ్చిన ఆఫీసు అమ్మాయి చిన్నది, మెళ్లో దుర్భిణి, చంకలో లావుపాటి ఫైలు. షెడ్డు మెట్లెక్కుతూనే "మీ గురించి మా ఆఫీసులో అందరికీ తెలుసు తాతగారూ. డిపో లెక్క అంటే పెట్టింది పేరు" అంది. మామగారు పొంగిపోయాడు. కూర్చోవడానికి తన స్టూలు ఆ అమ్మాయికిచ్చి తను పాత టైరు మీద కూర్చున్నాడు. కోడలు మెట్ల దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది.

పొద్దు వాలింది. మొదట ఏడు చిలకలొచ్చాయి. తర్వాత పన్నెండు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. ఆకాశంలో వెలుగుంది, కింద బస్సుల శబ్దముంది, మధ్యలో ఖాళీ. మళ్లీ ఓ తొమ్మిది కీచుమంటూ వచ్చి చెట్టు చుట్టూ తిరిగి వాలాయి. చీకటి పడేదాకా అలా చిన్నచిన్న గుంపులే వచ్చాయి. మామగారి చెయ్యి ఎడమ జేబులోంచి కుడి జేబులోకి వెళ్లినప్పుడల్లా గుండీకి గుండీ తగిలి చిన్న చప్పుడయ్యేది. కోడలు ఆ చప్పుళ్లు లెక్కపెట్టింది. పదకొండు.

"నూట పదహారు" అన్నాడాయన.

"నాకు నూట పద్నాలుగొచ్చాయి."

"ఆ రెండూ షెడ్డు వెనకనుంచి వచ్చాయమ్మా. నువ్వప్పుడు దుర్భిణిలో అటు చూస్తున్నావు."

ఆ అమ్మాయి తలూపి రాసుకుంది. తర్వాత ఇంకా ఏదో రావాలన్నట్టు ఆకాశం వైపు చూసింది. "మిగతావి ఎప్పుడొస్తాయి తాతగారూ?"

"మిగతావేంటి?"

"పోయినేడు పన్నెండు వందల నలభై కదా?"

"ఎవరన్నారు? పోయినేడు నూట ఎనభై."

ఆ అమ్మాయి ఫైలు తెరిచి ఫారం తీసి ఇచ్చింది. ఆయన దాన్ని చెయ్యి చాచినంత దూరం పట్టుకున్నాడు, ఇంకా కాస్త వెనక్కి వంగాడు. అంకె ఆనలేదు. ఎవరు రాశారన్నది మాత్రం చదవక్కర్లేకుండానే తెలుసు. ఆయన తల తిప్పి మెట్ల వైపు చూశాడు. దూరపు చూపుకి కోడలి మొహం బాగా కనిపించి ఉంటుంది.

"వయసైంది కదా తాతగారూ" అంది ఆఫీసు అమ్మాయి మెల్లగా, నొప్పించకుండా. "చూపు ఆనకపోతే ఒకదాన్నే రెండుమూడు సార్లు లెక్కపెట్టడం మామూలే. మీ తప్పేం కాదు."

ఆయన ఫారం మడిచి ఇచ్చేస్తూ, "అవునమ్మా" అన్నాడు. "నా కళ్లే. ఏడేళ్లుగా సూదిలో దారం కూడా ఎక్కించుకోలేను."

ఆ మాటకి కోడలికి చెంప మీద కొట్టినట్టయింది. కొట్టినా బాగుండేది. ఇరవై ఏడేళ్ల లెక్కని ఆయన ఒక్క మాటతో ఆమె కోసం పారేశాడు. ఆమె రెండడుగులు ముందుకేసింది.

"కాదండీ. ఆయన కళ్లకేం కాలేదు. డాక్టరు రాసిచ్చిన కాగితం ఉంది. ఆయన చెప్పింది వేరు, నేను రాసింది వేరు. ఆరేళ్లూ నేనే."

"అమ్మాయ్..."

"ఉండండి మావయ్యా. చూపు తగ్గి తక్కువ లెక్క చెబుతున్నారనుకున్నానండీ. మీరు ఆయన్ని తీసేస్తారని భయపడ్డాను. అసలు లెక్క నా దగ్గరుంది. చూపిస్తాను, రండి."

షాపులో కటింగ్ బల్ల మీద కోడలు ఆ పట్టీ పరిచింది. అంకెలు రానివాళ్లకి కూడా అర్థమయ్యే లెక్క అది. పై వరసల్లో కోటు గుండీలు బల్ల చివరి దాకా బారులు తీరి ఉన్నాయి. అత్తగారి కుట్టు సన్నం, ఎక్కడా దారం బయటపడదు. కిందికొచ్చేకొద్దీ బారు కురచబడింది. ఆఖరి వరసలో ఒక కోటు గుండీ, ఎనిమిది చొక్కా గుండీలు.

ఆఫీసు అమ్మాయి చాలాసేపు చూసింది. కోపం వస్తే బాగుండునని కోడలు ఎదురుచూసింది. ఆ అమ్మాయి అలసిపోయినదానిలా స్టూలు మీద కూర్చుంది.

"పక్షులకి ఓ జాబితా ఉంటుంది, అందులో మెట్లుంటాయండీ" అంది. "భయం లేదు, కనిపెట్టి ఉండాలి, ముప్పులో ఉంది, పోయేలా ఉంది, అలా. మిగతా చోట్ల లెక్కలన్నీ చూస్తే ఈ చిలక నాలుగేళ్ల కిందటే ముప్పు మెట్టు మీదికి రావాల్సింది. పెద్ద గుంపు ఒకటి నిలకడగా ఉందని పైవాళ్లు ఆపారు. ఆ గుంపు మీదే."

"మెట్టు మారితే ఏమయ్యేది?" అని మామగారు అడిగాడు.

"ఏటి ఒడ్డున తొర్రలున్న ముసలి చెట్లు కొట్టేశారు కదా రెండేళ్ల కిందట? ఇవి గూళ్లు పెట్టేది వాటిలోనే. ముప్పు జాబితాలో ఉంటే ఆ చెట్ల మీద చెయ్యి వేయనిచ్చేవాళ్లు కాదు. అనుమతి కాగితంలో డిపో లెక్క చూపించారు. ఇన్ని ఉన్నాయి కదా, ఫరవాలేదని."

ఎదురుగా డిపోలో ఎవరో ఇంజను స్టార్టు చేసి ఆపారు.

"అందుకా ఎవరూ రాంది" అన్నాడు మామగారు. ఎవర్నీ ఉద్దేశించి అన్నట్టు లేదు. "నేనింకా వాళ్లకి పట్టలేదనుకున్నాను. ఎన్ని తిట్లు తిట్టానో."

ఆ అమ్మాయి పట్టీ పక్కన దర్జీ టేపు పెట్టి, వరసవరసకీ ఫోటో తీసుకుంది. ఆరు ఫారాలూ రద్దవుతాయని చెప్పింది. గుడ్డ మీద గుండీల్ని పైవాళ్లు లెక్కగా ఒప్పుకుంటారో లేదో తనకి తెలియదంది. ఒప్పుకోకపోతే ఈ డిపో పేరే పాత ఏళ్లతో సహా తీసేయొచ్చు. తన వంతు తను రాస్తానంది. వెళ్తూ వెళ్తూ మామగారితో, "మీ చూపు మంచిది తాతగారూ" అంది. కోడలితో ఏమీ అనలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులు మామగారు ఆమెతో పని మాటలే మాట్లాడాడు. ఈ కాలరు తిప్పు. ఆ ఇస్త్రీ చూడు. అన్నం పెడితే తిన్నాడు. కోప్పడలేదు, మొహం ముడుచుకోలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోతే ఆ ఇంట్లో అంత చప్పుడు లేకుండా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. "క్షమించండి మావయ్యా" అని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. అది ఆయనకి చెప్పాలో, ఖాళీ చెట్లకి చెప్పాలో తేలక మింగేసింది. రాసిన ఆరు అంకెలూ ఆరేళ్లూ మంచితనంలాగే కనిపించాయి. అందుకే ఏనాడూ వాటిని వెనక్కి తిరిగి చూసుకోలేదు.

ఐదో రోజు ఆమె షాపు తెరవడానికి వెళ్లేసరికి తలుపు తీసి ఉంది. మామగారు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, కొత్త కళ్లజోడు ముక్కు మీదికి జారి. మొగుడు రాత్రి డ్యూటీ దిగి వస్తూ తెచ్చిచ్చి ఉంటాడు. దిండుకి పది సూదులు గుచ్చి ఉన్నాయి. నాలుగు నలుపు, నాలుగు ఖాకీ, రెండు తెలుపు. దారాలన్నీ ఒకే పొడవున కత్తిరించి ఉన్నాయి.

ఆమె ఏం చేయాలో తెలియక చేతులు కొంగుకి తుడుచుకుంది.

"ఈ ఏటి ఫారం నింపావా?" అన్నాడు.

"నింపానండీ. మీ సంతకం కావాలి."

బల్ల సొరుగులోంచి తీసి ముందు పెట్టింది. అలవాటు కొద్దీ సంతకం చోట వేలు పెట్టబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆయన ఫారం అందుకున్నాడు. పై గీత దగ్గర మొదలుపెట్టాడు. చోటు, తేదీ, వేళ, గాలి, వెలుతురు, అన్నీ పెదవులు కదుపుతూ చదివాడు. అంకె దగ్గర ఆగాడు. ఒకటి, ఒకటి, ఆరు. వాటి మీద వేలు పెట్టి మరోసారి చదివాడు. కింద ఆఫీసు చిరునామా కూడా చదివాడు. అంతసేపూ ఆమె పక్కనే నిలబడింది.

అప్పుడు సంతకం చేశాడు.

"పట్టీ తీసుకురా. నూట పదహారు, ఇంకా కుట్టలేదు." ఒక కోటు గుండీ, ఒక చొక్కా గుండీ పళ్లెంలో వేశాడు. డబ్బాలో వెతికి చంటిపిల్లల జుబ్బాలకి కుట్టే బుల్లి గుండీలు ఆరు తీసి వాటి పక్కన పోశాడు. "ఆ ఆరూ వదిలేయకు. ఇక నుంచి విడి పిట్టలకి కూడా గుండీ ఉండాలి."

తను దారం ఎక్కించిన ఖాకీ సూదొకటి దిండులోంచి తీసి ఆమెకి అందించాడు. ఆమె పట్టీ మీద ఆఖరి వరస వెతుక్కుని, దాని కింద కుట్టడానికి కూర్చుంది. ఆయన కళ్లజోడు తీయలేదు. పక్కనే కూర్చుని ఒక్కో గుండీ కుట్టడం పూర్తయ్యేదాకా చూస్తూ ఉన్నాడు.